పెట్టెలు విప్పడానికి ఎవరి అనుమతి కావాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దేశం దాటి క్రైస్తవ సేవకు వెళ్లినవాళ్లవి. వాక్యం ఎలా చెప్పాలి, సంఘం ఎలా కట్టాలి అని ఒక్కరూ అడగలేదు, అందరూ అడిగింది ఇంటి గురించే. అందుకే ఈసారి పేజీ మొత్తం వాళ్లకే. పేర్లూ దేశాలూ కావాలనే తీసేశాను, ఇందులో కొందరికి పేరు బయటికి రావడం ప్రమాదం కూడా.

అక్కా, వందనాలు. మేం ఈ దేశం వచ్చి నాలుగు నెలలైంది. మా ఆయన దిగిన మర్నాటి నుంచే సేవలో పడిపోయారు. ఇంట్లో సగం పెట్టెలు ఇంకా విప్పనే లేదు. కిటికీకి కర్టెన్ కావాలంటే "మనం ఈ లోకంలో యాత్రికులం, మనకు ఇల్లేంటి" అంటారు. నాకేమో పొద్దున లేస్తే ఏడుపొస్తుంది. విశ్వాసం తగ్గిపోయిందేమోనని భయం. అమ్మకి ఫోన్ చేస్తే మాత్రం బాగున్నామనే చెప్తున్నా. — ఒక సోదరి

చెల్లెమ్మా, నీ విశ్వాసానికి ఏమీ కాలేదు. నీకు నిద్ర తగ్గింది, మనసు విప్పి మాట్లాడుకునే మనిషి లేకుండా పోయింది. పైగా ఏ వస్తువు ఎక్కడ దొరుకుతుంది, ఎదురైన మనిషిని ఎలా పలకరించాలి, బెల్లు మోగితే తలుపు తీయాలా వద్దా అనేది కూడా ఆలోచించి చేయాల్సి వస్తోంది, ఇంతకుముందు ఇవన్నీ ఆలోచించకుండానే అయిపోయేవి కదా, రోజంతా ఇలా ఆలోచిస్తూ ఉంటే సాయంత్రానికి ఎవరికైనా సత్తువ మిగలదు. కాలెర్వో ఓబర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో రియో డి జనీరోలో ఒక మహిళా క్లబ్బులో మాట్లాడుతూ ఈ సంగతే చెప్పాడు. కల్చర్ షాక్ అన్న మాట జనంలోకి వెళ్లింది ఎక్కువగా ఆయన వల్లే. పరాయి దేశం వచ్చినవాళ్లలో ఆయన చూసిన లక్షణాలు ఇవి: చేతులు పదేపదే కడుక్కోవడం, తాగే నీళ్ల మీద అనుమానం, అందరూ మోసం చేస్తున్నారన్న భయం, చిన్న ఆలస్యానికే మండిపడటం, ఎటో చూస్తూ ఉండిపోవడం, ఇంటికెళ్లిపోవాలని తట్టుకోలేనంత కోరిక. ఇందులో భక్తిహీనత ఎక్కడుందో చెప్పు.

ఇంకో మాట. ఇద్దరూ ఒకే విమానం దిగినా మీ ఆయన దిగిన దేశం వేరు, నువ్వు దిగిన దేశం వేరు. ఆయనకి పొద్దున వెళ్లడానికి ఒక చోటుంది, పాస్టర్ గారూ అని పిలిచేవాళ్లున్నారు, సాయంత్రం చెప్పుకోవడానికి ఒక పని ఉంది. నల్లా కారినా, ఓనర్ వచ్చినా, బిడ్డకి జ్వరమొచ్చినా ఆ పరాయి భాషతో తలపడేది నువ్వు. పిలుపు ఆయనది, పెట్టెలు నీవి అన్నట్టుంది మీ ఇంటి లెక్క.

ఇక్కడి నుంచి రెండు పేరాలు మీ ఆయన కోసం. చదివి వినిపించు, లేకపోతే పత్రిక తెరిచి ఆయన పక్కన పెట్టు.

అయ్యా, యాత్రికులం అన్న మాట నిజమే, కాదనను. కానీ ఆ మాట కర్టెన్ దగ్గరే ఎందుకు గుర్తొస్తుందో ఆలోచించండి, మీటింగ్ హాలుకి మైకు కొనేటప్పుడు గుర్తు రాదు కదా. పౌలు అంతగా తిరిగాడా, కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట్లో ఉంటూ వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు, ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు. రోములో కాపలా మధ్య కూడా రెండేళ్లు అద్దె ఇంట్లో కాపురముండి, వచ్చినవాళ్లందరినీ ఆ ఇంట్లోనే చేర్చుకున్నాడు. ఇక బబులోనుకి చెరపట్టబడిన వాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం తీసి చూడండి. వాళ్లు ఇష్టపడి వెళ్లినవాళ్లు కారు, తిరిగి వచ్చేస్తామన్న ఆశతో ఉన్నవాళ్లు. అయినా వాళ్లకి వచ్చిన ఆజ్ఞ ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అనే. ఇల్లు ముందొచ్చింది, ప్రార్థన ఆ తర్వాత వచ్చింది.

ఇంగ్లండ్ నుంచి మన దేశం వచ్చిన మిషనరీ విలియం కేరీ పేరు మన ప్రసంగాల్లో ఎన్నిసార్లు వినలేదు. ఆయన భార్య డోరతీ గురించి ఎప్పుడైనా విన్నారా? ఆవిడ మొదట రానంది. తోబుట్టువు తోడొస్తానంటే చివరి నిమిషంలో బయల్దేరింది, ఒళ్లో నెల దాటీ దాటని బిడ్డతో. 1793 నవంబరులో కలకత్తాలో దిగాక చేతిలో డబ్బు లేదు, ఒంట్లో ఆరోగ్యం లేదు, కొద్ది నెలల్లోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతూ పోయారు. 1794లో నీలిమందు ఫ్యాక్టరీలో కేరీకి పని దొరికి బెంగాల్లోని మద్నాబతిలో కాస్త నిలదొక్కుకునేసరికి, అదే ఏడు అయిదేళ్ల పీటర్ చనిపోయాడు. డోరతీ మనసు చెదిరిపోయింది, 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. ఆ రోజుల్లో సరైన వైద్యం లేదు, చాలా జబ్బులకి మందుల్లేవు, అన్నీ ఒప్పుకుంటాను, ఒక్క ఇల్లు కుదరకపోవడం వల్లే ఇదంతా అని నేననను. కానీ ఇదే కేరీ 1800లో శ్రీరాంపూర్ చేరాక సాటి మిషనరీలు మార్ష్‌మన్, వార్డ్‌లతో కలిసి ఒకే ఇంటి మనుషుల్లా, సంపాదనంతా ఒకేచోట వేసుకుని బతికారు, ప్రెస్సూ అనువాదాలూ చివరికి 1818లో కాలేజీ కూడా ఆ స్థిరమైన కాపురం మీదే నిలబడ్డాయి. ఆయన చనిపోయింది 1834లో, మళ్లీ సొంత దేశం వెళ్లనే లేదు. మనం ఆ తర్వాతి భాగమే చెప్పుకుని ముందు భాగం వదిలేస్తాం, నాకు దాని మీదే కోపం.

చెల్లెమ్మా, ఇప్పుడు పని. ఇల్లంతా ఒకేసారి సర్దాలనుకోకు. ముందు పడకగది. అక్కడ పెట్టె ఒక్కటి కూడా కనపడకూడదు, కర్టెన్ ఈ వారమే పడాలి. తర్వాత వంటిల్లు. ఆ తర్వాత ఒక కుర్చీ, అది నీది, అందులో కూర్చుని బైబిల్ చదువుకుంటావో ఊరికే కిటికీలోంచి చూస్తావో నీ ఇష్టం. మిగతా పెట్టెలు రోజుకొకటి. భాష క్లాసుకి ఆయన ఒక్కరే వెళ్తున్నట్టయితే ఈరోజే మాట్లాడుకోండి, వారంలో కొన్ని పూటలు ఆయన పిల్లల్ని చూసుకుంటారు, నువ్వు క్లాసుకి వెళ్తావు, ఇందులో బేరం వద్దు. భాష రాని భార్య ఆ దేశంలో ఎన్నేళ్లున్నా ఇంట్లో బందీయే.

అమ్మకి నిజం చెప్పు. అన్నీ కాకపోయినా, ఏడుపొస్తోందన్న ఒక్క మాట చెప్పు. దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇవి రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్‌ని కలవాలి. ప్రార్థన మానమని కాదు, ప్రార్థన చేసుకునే వెళ్లు. నీ భాష తెలిసిన డాక్టర్‌తో వీడియోలో మాట్లాడే వీలుంటే ఇంకా మంచిది, మనసులో బాధ పరాయి భాషలో చెప్పడం చాలా కష్టం. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఆయన్ని లేపి చెప్పు, ఆ దేశం ఎమర్జెన్సీ నంబరు ఫోన్‌లో ముందే పెట్టుకో.

అక్కా, మేమున్నది మిషన్ ఇల్లు. మాకన్నా ముందు చాలా ఏళ్లు ఇక్కడ సేవ చేసిన కుటుంబం సామానంతా ఇందులోనే ఉంది, గోడ మీద వాళ్ల ఫ్యామిలీ ఫోటోతో సహా. సోఫా కాస్త జరిపితే సంఘంలో ఒక పెద్దావిడ "వాళ్లు దాన్ని అక్కడ పెట్టేవాళ్లు కాదు" అంది. తాళంచెవులు నలుగురి దగ్గరున్నాయి, ఎవరు ఎప్పుడు లోపలికొస్తారో తెలీదు. — సేవకుని భార్య

నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఈ సోఫా గొడవ నేను విన్నది ఇదే మొదటిసారి కాదు, బహుశా ప్రతి మిషన్ ఇంట్లోనూ ఇలాంటి సోఫా ఒకటి ఉంటుంది.

ఆ పెద్దావిడ బాధ సోఫా కాదు. వాళ్లు వెళ్లిపోయారు, ఆవిడకి వెలితిగా ఉంది, కొత్తగా వచ్చిన మీరు ఆ గుర్తుల్ని జరుపుతున్నారు. ఒకరోజు ఆవిడనే పిలిచి వాళ్ల గురించి చెప్పమనండి, పూర్తిగా వినండి, మధ్యలో మీ సంగతులు దూర్చకండి. ఫోటోని ఆవిడ చేతుల మీదుగానే సంఘం హాల్లో పెట్టించండి, అక్కడ దానికి గౌరవం, ఇంట్లో మీకు గోడ. పాత కుటుంబానికి ఒక ఉత్తరం రాయండి, ప్రతి వస్తువుకీ ఫోటో తీసి, ఏది పంపాలి, ఏది ఎవరికివ్వాలి, ఏది పారేయవచ్చు అని అడిగి ఒక తేదీ చెప్పండి. ఆ తేదీ దాటితే సంఘ పెద్దలు నిర్ణయిస్తారని అందులోనే రాసేయండి. మీరొక్కరే తీసిపారేస్తే ఆ మాట పదేళ్లు మిగులుతుంది.

తాళాల విషయంలో మొహమాటం వద్దు. పెద్దలతో మీ ఆయన మాట్లాడాలి, మీరు కాదు, మీరు మాట్లాడితే "ఆవిడకి మనుషులంటే పడదు" అంటారు. అత్యవసరానికి ఒక చెవి ఒక పెద్ద దగ్గర ఉంటే చాలు, మిగతావి వెనక్కి తీసుకోండి, ఇవ్వకపోతే తాళం మార్చండి, ముందే చెప్పి. ఎప్పుడు రావచ్చో కూడా చెప్పండి. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, తలుపు మూసుకోగలిగే ఇంట్లోవాళ్లే దాన్ని మనస్ఫూర్తిగా తెరుస్తారు.

ఎవరూ అడగని సంగతి ఒకటి నేనే చెప్తాను. మిషన్ ఇల్లంటే పనితో పాటు వచ్చిన ఇల్లు, పని ఆగితే ఇల్లు కూడా పోతుంది. జబ్బు చేసినా, భర్త పోయినా, సంస్థతో తేడాలొచ్చినా ఎన్ని నెలలు ఉండనిస్తారు? అంతా బాగున్నప్పుడే ఇది కాగితం మీద రాయించుకోండి. అడిగితే అవిశ్వాసం అనుకుంటారని చాలామంది అడగరు, తర్వాత రోడ్డున పడ్డవాళ్ల కథలు నా దగ్గరున్నాయి, ఇక్కడ రాయను.

అక్కా, నేను ఒంటరిగా ఉంటాను, చిన్న అద్దె ఇల్లు. వచ్చినప్పటి నుంచి కరపత్రాలు పంచుతున్నాను. పక్కింటివాళ్లు చూసి తలుపేసుకుంటున్నారు. నువ్వేం చేస్తావని అడిగితే ఏం చెప్పాలో తెలియక తడబడుతున్నాను. ఏం చేయమంటారు? — ఒక తమ్ముడు

కరపత్రాలు కొన్నాళ్లు పక్కన పెట్టు తమ్ముడూ. నువ్వెవరో తెలియకుండా నీ కాగితం ఎందుకు చదవాలి వాళ్లు?

సమరయ స్త్రీ దగ్గర ప్రభువు మాట ఎలా మొదలుపెట్టాడు? దాహానికి నీళ్లడిగాడు. నువ్వు కూడా అడగడంతో మొదలుపెట్టు. చెత్త ఏ రోజు బయట పెట్టాలి, రాత్రి ఎన్నింటి తర్వాత చప్పుడు చేయకూడదు, బండి ఎక్కడ పెట్టాలి, మెట్లు ఎవరు కడుగుతారు, ఇవి నిజంగానే నీకు తెలియవు, తెలిసినవాళ్లని అడుగు. నిచ్చెన కావాలంటే కొనకుండా అడిగి తెచ్చుకో, మర్నాడే తిరిగిచ్చేయ్. అన్నీ తెలిసినట్టు, అందరికీ ఇవ్వడానికే వచ్చినట్టు తిరిగే మనిషికి ఎవరూ దగ్గర కారు, ఎందుకంటే అతనితో వాళ్లకి పని లేదు, అతనికి వాళ్లతో పని లేదు. ఇంకోటి, ఇల్లు ఊరికే మార్చకు. డెబ్బైమంది శిష్యుల్ని పంపేటప్పుడు కూడా ప్రభువు ఒకే ఇంట్లో ఉండండి, ఇంటింటికీ మారకండి అనే చెప్పాడు కదా. చవగ్గా వస్తోందని ఆరు నెలలకోసారి మారేవాడు ప్రతిసారీ మొదటి రోజు మనిషిలాగే ఉంటాడు.

ఏం చేస్తావని అడిగితే నిజం చెప్పు. వీసా మీద ఏముందో నీ నోట్లో కూడా అదే ఉండాలి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. చదువు వీసా అయితే చదవాలి, పేరుకి చేరి తరగతులు ఎగ్గొట్టకూడదు, ఉద్యోగం వీసా అయితే ఆ ఉద్యోగం బాగా చేయాలి. పౌలు కుట్టిన డేరాలు నిజం డేరాలే. సేవ కోసం వచ్చానని చెప్పే వీలున్న దేశమైతే సూటిగా చెప్పు. మతప్రచారం మీద చట్టం ఉన్న దేశమైతే ఆ చట్టం చదువు, వచ్చేముందే చదివుండాల్సింది. అలాంటిచోట తేడా వస్తే నిన్ను విమానం ఎక్కించి పంపేస్తారు, నీతో కూర్చుని ప్రార్థన చేసిన పక్కింటాయన మాత్రం అక్కడే ఉండాలి, జైల్లో ఉన్నా సరే. నీ ధైర్యానికి మూల్యం ఇంకొకరు కట్టకూడదు.

బట్టలూ అలవాట్లూ ఎంతవరకు మార్చుకోవాలని కూడా అడిగావు ఉత్తరం చివర్లో. ఇంగ్లండ్ మిషనరీ హడ్సన్ టేలర్ 1855లో చైనా బట్టలు వేసుకుని, జుట్టు వాళ్లలా జడ వేసుకుంటే నవ్వింది చైనావాళ్ల కన్నా ఎక్కువగా సాటి పాశ్చాత్యులే. మనస్సాక్షికి అడ్డం రానిదేదైనా మార్చుకో, వేషంగా కనిపించనంత వరకు. ఎక్కడ వేషమవుతుందో నీ ఇంటి ఓనర్‌ని అడుగు, నవ్వకుండా చెప్తాడు.

సిస్టర్, పంపిన సంఘం నెల నెలా రిపోర్టు అడుగుతోంది. ఎన్ని గృహాలు దర్శించారు, ఎందరు రక్షణలోకి వచ్చారు అని కాలమ్స్ ఉన్నాయి. మేం ఇంకా కరెంటు కనెక్షన్, బ్యాంకు ఖాతా, పిల్లల స్కూలు దగ్గరే ఉన్నాం. సున్నాలు రాయడానికి సిగ్గుగా ఉంది. — ఒక సేవకుడు

సున్నాలే రాయండి. పక్కన కారణం కూడా రాయండి. కాలమ్ నింపడం కోసం సంఖ్య పెంచితే వచ్చే నెల అంతకన్నా పెంచాలి, అది అక్కడితో ఆగదు.

అమెరికా మిషనరీ అదోనిరామ్ జడ్సన్ 1813లో రంగూన్‌లో దిగాడు. మొదటి బర్మా విశ్వాసికి బాప్తిస్మం ఇచ్చింది 1819లో. మధ్యలో ఆరేళ్లు. ఇవాళ్టి ఫారం ఆయనకిచ్చి ఉంటే డెబ్బై సార్లు సున్నా రాసేవాడు, ఏ కమిటీ అయినా మూడో ఏట మద్దతు ఆపేసేది. భాష సంగతి కూడా వాళ్లకి లెక్కల్లో చెప్పండి, లెక్కలే అడుగుతున్నారు కాబట్టి. అమెరికా ప్రభుత్వం తన దౌత్యాధికారులకి భాషలు నేర్పే శిక్షణ సంస్థ ఒకటుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్ లాంటి భాషల్లో పనికొచ్చే స్థాయికి రావడానికి వాళ్లు పెట్టుకున్న లెక్క సుమారు 88 వారాలు, 2,200 గంటల తరగతులు. జీతమిచ్చి, అదే ఉద్యోగంగా చదివిస్తేనే అంత. మీరేమో పొద్దున బ్యాంకు లైన్లో నిలబడి, సాయంత్రం పిల్లల హోంవర్క్ చేయించి, మధ్యలో నేర్చుకోవాలి.

ఈ నెల ఇలా రాసి చూడండి: "అద్దె అగ్రిమెంట్ అయింది. నివాసం రిజిస్టర్ చేయించుకున్నాం, అది లేకుండా ఇక్కడ బ్యాంకు ఖాతా తెరవరు. పాప స్కూల్లో చేరింది, రోజూ ఏడుస్తూ వెళ్తోంది, ప్రార్థించండి. కింది అంతస్తులో ఉండే ఒక తాతగారి పేరు తెలుసుకున్నాం, ఆయన మా పేర్లు తెలుసుకున్నాడు. ఆదివారం ఆరాధనలో ప్రసంగం చాలా వరకు అర్థం కాలేదు, ప్రభువు ప్రార్థన మాత్రం కలిసి చెప్పగలిగాం." ఇది చదివిన పెద్దమ్మ ఒకావిడ మీ కోసం మోకాళ్లూనుతుంది. కాలమ్స్ చదివి ఎవరూ మోకాళ్లూనరు.

ఒప్పుకోని కమిటీలు కూడా ఉంటాయి. అప్పుడు మొదటి ఏడాది భాషకీ ఇంటికీ అని వెళ్లేముందే రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. మీకు ఆ అవకాశం దాటిపోయింది కాబట్టి ఇప్పుడు అడగండి, కమిటీలో మీ మాట వినే ఒక్కరిని చూసుకుని ముందు ఆయనతో ఫోన్లో మాట్లాడి ఆ తర్వాత అందరికీ ఉత్తరం పెట్టండి.

అక్కా, మా బాబుకి తొమ్మిదేళ్లు. రోజూ రాత్రి "మన ఇంటికి ఎప్పుడెళ్తాం" అంటాడు. "ఇదే మన ఇల్లు నాన్నా, దేవుడు మనల్ని ఇక్కడికి పంపాడు" అంటే నిన్న "అయితే దేవుడంటే నాకిష్టం లేదు" అన్నాడు. నిద్ర పట్టలేదు. — ఒక తల్లి

భయపడకు. వాడికి దేవుడి మీద కోపం లేదు, మీరు చెప్పిన కారణం మీద కోపం. స్నేహితులు పోయారు, గది పోయింది, అడిగితే ప్రతిదానికీ దేవుడి పేరు వస్తోంది. పిల్లాడి దుఃఖాన్ని ఆపడానికి దేవుడి పేరు వాడకండి, పెద్దయ్యాక వాడికి ఆ పేరు వింటే ఇదే గుర్తొస్తుంది. "నాక్కూడా అక్కడికి వెళ్లాలనిపిస్తుంది రా" అని ఒకసారి అని చూడు.

తల్లిదండ్రుల దేశానికీ పెరుగుతున్న దేశానికీ మధ్య ఎదిగే ఇలాంటి పిల్లల గురించి రూత్ ఉసీమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950ల్లోనే పరిశోధించింది, ఆమె గమనించింది మన దేశంలో ఉంటున్న అమెరికా కుటుంబాలనే. వీళ్లని థర్డ్ కల్చర్ పిల్లలు అన్నది ఆమే. అమ్మానాన్నలది ఒక సంస్కృతి, చుట్టూ ఉన్నవాళ్లది ఇంకోటి, వీళ్లది ఈ రెండూ కాని మూడోది. అంటే రేపు మీరు తిరిగి వెళ్లినా నువ్వు తిరిగి వెళ్లిన ఇంటికి వాడు తిరిగి వెళ్లడు, ఈ సంగతి ఇప్పటి నుంచే తెలిసుండటం మంచిది.

ఇంట్లో వాడికి ఒక మూల పూర్తిగా ఇచ్చేయండి, ఏ రంగు వేసుకుంటాడో ఏం అంటించుకుంటాడో వాడిష్టం, అతిథులొచ్చినా ఆ మంచం ఎవరికీ ఇవ్వొద్దు. సేవకుల ఇళ్లలో అందరికన్నా ముందు మంచం ఖాళీ చేసేది పిల్లలే, నాకది నచ్చదు. ఇంట్లో తెలుగు మానకండి, చదవడం రాయడం కూడా. పాత స్నేహితుడితో మాట్లాడటానికి వారానికో టైము పెట్టండి, రోజూ వద్దు, రోజూ అయితే ఇక్కడ కొత్త స్నేహితుడు దొరకడు.

పిల్లలకి భాష మనకన్నా ముందే వచ్చేస్తుంది, కొద్ది నెలల్లో చూస్తావు. అప్పుడు వాణ్ణి ఆసుపత్రికీ, ఓనర్ దగ్గరికీ దుబాసీగా తీసుకెళ్లాలనిపిస్తుంది. దుకాణంలో సరే. అమ్మ జబ్బు గురించి డాక్టర్ చెప్పింది తొమ్మిదేళ్లవాడు తర్జుమా చేయకూడదు, అద్దె గొడవ వాడి నోటితో జరగకూడదు. ఇంకా, "దేవుడంటే ఇష్టం లేదు" అన్న మాట ప్రార్థన ఉత్తరంలో రాయకు. వాడి కష్టం వాడిది, వాడిని అడగకుండా వందమందికి పంపే హక్కు మనకి లేదు.

అక్కా, ఈ దేశంలో ఉన్న తెలుగువాళ్లంతా ప్రతి వారం మా ఇంట్లోనే. సంతోషమే, కానీ స్థానికుల కోసం కదా వచ్చాం? పక్కింటివాళ్ల పేర్లు కూడా తెలీదు మాకు. — దంపతులు

తెలుగువాళ్ల మధ్య సేవ తక్కువ సేవ అనుకోకండి. 1903లో తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి పంపింది తెలుగువాళ్ల కోసమే. 1860 నుంచి మన దేశం నుంచి కూలి ఒప్పందం మీద వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, తోటల్లో పనిచేసే ఆ జనం మధ్యకే ఆయన వెళ్లాడు. అంటే మన సంఘాలు మిషనరీల్ని పంపడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. ఆయన్ని పంపిన ఉద్దేశం స్పష్టం. మీ ఉద్దేశం ఏంటో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి.

స్థానికుల కోసమే అయితే ప్రతి వారం కూడిక మీ ఇంట్లో ఆపండి. నెలకోసారి చాలు, మిగతా వారాలు ఇంకొకరి ఇంట్లో పెట్టుకోమనండి, వాళ్లకీ అలవాటవుతుంది. మనవాళ్లు బాధపడతారు, పడనీయండి, కొన్ని వారాల్లో సర్దుకుంటారు. ఆ ఖాళీ అయిన సాయంత్రం పక్కింటి తలుపు కొట్టండి, భాష రాకపోతే రాలేదనే చెప్పండి.

మేడమ్, అయిదేళ్ల నుంచి అద్దెకి ఉంటున్నాం. ఇక్కడే ఇల్లు కొనుక్కోవచ్చా? సేవకులకి సొంతిల్లు తప్పా? — ఒక పాఠకుడు

తప్పేం కాదు. కేరీ, ఆయన తోటివాళ్లు శ్రీరాంపూర్‌లో మిషన్ కోసం ఇల్లు కొన్నారు కదా. కానీ ముందు వీసా చూడండి. అమెరికా మతసేవకులకిచ్చే ఆర్-1 వీసానే తీసుకుంటే మొదట 30 నెలల వరకు ఇస్తారు, మొత్తం కలిపి అయిదేళ్లు మించదు, ఆ గడువుతో ఇంటి అప్పు ఎలా తీరుస్తారు? కొన్ని దేశాల్లో విదేశీయులు భూమి కొనడానికే వీల్లేదు, అక్కడ స్థానిక విశ్వాసి పేరున కొనేవాళ్లున్నారు, అది ఆ విశ్వాసికీ మీకూ ఇద్దరికీ ఉచ్చు, ఎంత నమ్మకస్తుడైనా వద్దు. శాశ్వత నివాసం వచ్చాక, ఆ సంఘం పగ్గాలు స్థానికుల చేతికిచ్చాక కూడా అక్కడే ఉండాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి. ఈలోగా అద్దె అగ్రిమెంట్ రెన్యూ చేసేటప్పుడు మీ పేరు పక్కన మీ భార్య పేరు కూడా రాయించండి, రేపు మీకేదైనా అయితే ఆవిడ ఆ ఇంట్లో ఎవరి దయా లేకుండా ఉండగలగాలి.